ఆరో తరగతికి ముందా, ఇంటర్ తర్వాతా?

తిరుపతి

ఒరే శీనా,

సంసారంతో సహా బెంగళూరుకి కదిలేదా అని అడుగుతూ రాసిన నీ ఉత్తరం చదివినా. బెంగళూరులో జీతమెంత, ఇంటద్దెంత, అడ్వాన్సెంత, అన్నీ లెక్కేసినావు. పాప ఏ తరగతిలో ఉండాదో మాత్రం ఆఖర్న ఒక ముక్క రాసి వదిలేసినావు. ముందు చూసుకోవాల్సింది అదేరా.

మన చిత్తూరు, పలమనేరు, కుప్పం పక్కల నుంచి మగోళ్లు ఒంటరిగా పోయేది పని కోసం. శనివారం రాత్రి ఇంటికొచ్చి, సోమవారం పొద్దునకి మళ్లీ అక్కడుంటారు. ఏళ్ల తరబడి అట్నే నడిచిపోతాది. సంసారం మొత్తం కదిలేది మాత్రం పిల్లల బడి వల్లనే. అయిదో తరగతితో చిన్న బడి అయిపోతాది, ఎట్లాగూ ఇంకో బడి వెతకాల, అదేదో అక్కడే వెతుకుదామంటారు. లేకుంటే పదో తరగతి అయినాక పోతారు. మొదటిది మేలే. రెండో దాంట్లో ఇరుక్కుంటారు.

ఎట్లంటావా, విను. రాజ్యాంగంలోని 371-డి కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మన కాలేజీల్లో 85 శాతం సీట్లు స్థానికులవి. ఈడ పుట్టినంత మాత్రాన స్థానికులు కారు. ఇంటర్ రెండో సంవత్సరంతో ముగిసేటట్టు వరసగా నాలుగేళ్లు ఈడ చదివుండాల. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. మధ్యలో ఒక్క ఏడు పక్క రాష్ట్రంలో చదివినా ఆ వరస తెగిపోతాది.

కర్ణాటకలో ఇంజినీరింగు సీట్లకి పెట్టే పరీక్ష సీఈటీ, దానికి ఇంకో లెక్క. ఒకటి నుంచి పన్నెండు లోపల ఏడు పూర్తి విద్యా సంవత్సరాలు అక్కడ చదివుండాల, పదో తరగతి గాని రెండో పీయూసీ (మన ఇంటరే) గాని అక్కడే పాసయ్యుండాల. వేళ్ల మీద లెక్కపెట్టు: ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది, పీయూసీ రెండేళ్లు. ఆరో తరగతి మొదట్లో చేరినోళ్లకి సరిగ్గా సరిపోతాది. ఏడులో చేరితే ఒక ఏడు తక్కువ. మీ పాప జూన్‌లో ఎనిమిదికి పోతాది కదా, అయిదేళ్లే అవుతాది. తల్లిదండ్రుల చదువు మీద ఒక వెసులుబాటు ఉండాది గాని, మీ ఇద్దరూ చదివింది తిరుపతిలోనే, అదీ పనికిరాదు. ఈడ స్థానికురాలు కాదు, ఆడ అర్హురాలు కాదు. మీరు పదేళ్లకు పైగా మన రాష్ట్రంలోనే ఉన్నారు కాబట్టి ఈడ మిగతా 15 శాతంలో పోటీ పడొచ్చు. ఆడ ప్రైవేటు కాలేజీలోళ్లు పెట్టే కామెడ్-కే పరీక్ష, మేనేజిమెంటు సీట్లే దిక్కు. ఫీజు సంగతి నీకు చెప్పాల్నా?

శ్రీపెరంబుదూరు ఉద్యోగం కూడా చేతిలో ఉండాదన్నావు. తమిళనాడులో ఎనిమిది నుంచి పన్నెండు దాకా చదివితే ఇంజినీరింగు కౌన్సెలింగుకి నేటివిటీ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఈ జూన్‌లో పోతే పాప దానికి అందుకుంటాది. అయితే బయటి నుంచి వచ్చినోళ్లని ఓసీ కిందే చూస్తారు. అక్కడ రిజర్వేషన్లే 69 శాతం, మిగిలిన 31లోనే పాప సీటు వెతుక్కోవాల. పైగా 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చినారు. ఒకటో తరగతి నుంచి నేర్చుకున్న పిల్లల పక్కన కూర్చుని, ఎనిమిదిలో అక్షరాలు దిద్ది పదిలో పరీక్ష రాయడం ఆ పిల్లకి నరకమే. మినహాయింపు దొరుకుతాదా లేదా చేరకముందే బడిలో అడుగు.

కులం సర్టిఫికెట్ మీద కూడా ఆశ పెట్టుకోవద్దు. తెనాలిలో పుట్టి బొంబాయి చేరిన ఒక విద్యార్థి కేసులో 1990లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది, సొంత రాష్ట్రంలోని ఎస్సీ, ఎస్టీ హోదా వలస పోయిన రాష్ట్రంలో చెల్లదని.

చిన్నోడి గురించి దిగులు లేదు. మూడో తరగతే కదా. కన్నడ లిపి మన లిపికి దగ్గరే, తొందరగానే పట్టేస్తాడు. తెలుగు మాత్రం ఇంట్లో చెల్లెమ్మ చదివించాల, లేకుంటే పెళ్లిపత్రిక కూడా మనమే చదివి చెప్పాల్సొస్తాది.

కాగితాల్లో జనం తప్పేది ఎక్కడంటే, టీసీ చేతికొస్తే పని అయిపోయిందనుకుంటారు. బడి పిల్లల వివరాలుండే యూడైస్ ఆన్‌లైన్ రికార్డులో పాత బడి వాళ్లు పేరు వదిలితేనే కొత్త బడి వాళ్లు పెన్ నంబరు (పిల్లకి అందులో ఇచ్చిన శాశ్వత నంబరు), పుట్టిన తేదీ కొట్టి లాక్కోగలరు. ఫీజు బాకీ ఉంటే వదలరు, ముందే తీర్చెయ్. జనన పత్రంలో, ఆధార్‌లో, టీసీలో పేరు అక్షరం అక్షరం ఒకేమాదిరి ఉండాల. రాష్ట్రం దాటితే టీసీ మీద డీఈవో సంతకం అడిగే బళ్లు ఉండాయి, సెలవులు రాకముందే పెట్టించు. చదివిన ప్రతి ఏడుకీ స్టడీ సర్టిఫికెట్ తీసి పెట్టుకో, తర్వాత బడే మూతపడొచ్చు. తల్లికి వందనం డబ్బు కూడా ఆగిపోతాది, అది మన రాష్ట్రంలో చదివే పిల్లలకే.

నన్నడిగితే బెంగళూరుకి నువ్వొక్కడివే పో, పాప ఇంటర్ అయ్యేదాకా వాళ్లని ఈడనే ఉంచు. అయిదేళ్లు మీ ఇద్దరికీ కష్టమే, కాదనను. పాపది ఐఐటీ గురి అయితే ఈ స్థానికత గొడవే లేదు. ఎన్ఐటీల్లో సగం సీట్లకి పన్నెండు ఏ రాష్ట్రంలో పాసయ్యారన్నదే చూస్తారు. అప్పుడు అందరూ కలిసే పోవచ్చు. పాపని అడిగి రాయి. అంతవరకూ టీసీకి అర్జీ పెట్టొద్దు.

నీ
రమణ