ఆ ఒక్క మనిషికి మన స్టేజి మీద చోటివ్వండి

సంపాదకులు గారికి,

ఆశ్రమంలోనో చర్చిలోనో మదర్సాలోనో పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని వార్త రాగానే మనవాళ్లు ముందు చూసేది నిందితుడిది ఏ మతం అని. ఇక రెండు రోజులు మావాళ్లు, మీవాళ్లు అంటూ తిట్టుకోవడమే. 2018లో జోధ్‌పూర్ కోర్టు ఆశారాం బాపుకి యావజ్జీవం వేసినప్పుడూ, 2019లో కేరళలో ఒక ఫాదర్‌కి పోక్సో కోర్టు 20 ఏళ్లు వేసినప్పుడూ ఇదే గోల. ఆ పిల్ల ఇప్పుడెలా ఉంది అని ఎంతమంది అడిగారు?

ఐర్లండ్‌లో మానిక్స్ ఫ్లిన్ అనే ఆయన తనే రాసి, తనొక్కడే ఆడిన ‘జేమ్స్ ఎక్స్’ నాటకం గురించి అందుకే రాస్తున్నాను. ఆయన్ని 11 ఏళ్లప్పుడు లెటర్‌ఫ్రాక్ అనే ఊళ్లోని ఇండస్ట్రియల్ స్కూలుకి (పేరుకి స్కూలే, దిక్కులేని పిల్లల్నీ, తప్పుచేశారన్న పిల్లల్నీ కోర్టులు పంపించి ఉంచే చోటు) పంపేశారు. దాన్ని నడిపింది క్రిస్టియన్ బ్రదర్స్ అనే కేథలిక్ సంస్థ. నాటకంలో జేమ్స్ కోర్టు బయట తన పిలుపు కోసం కూర్చుని ఉంటాడు, చేతిలో ఒక ఫైలు, చిన్నప్పటి నుంచి అతని గురించి సర్కారు రాసిపెట్టుకున్నదంతా అందులో ఉంటుంది. అతను కథలు చెప్తాడు, నవ్విస్తాడు, అందరి గొంతులూ తనే పలుకుతాడు, చివరికి అదంతా ఆపేసి తనకు జరిగింది జరిగినట్టు చదువుతాడు. 2011లో న్యూయార్క్‌లో కూడా ఆడారు.

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు అని బాధితుల్ని నిలదీస్తారు కదా, అది వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఫ్లిన్ 1983లోనే ఆ స్కూల్లో తను పడ్డదాన్ని పుస్తకంగా రాశాడు. ఐర్లండ్ ప్రధాని బెర్టీ అహెర్న్ ఇలాంటి బాధితులకి దేశం తరఫున క్షమాపణ చెప్పింది 1999లో! 2002 చట్టం కింద 15 వేల మందికి పైగా బాధితులు పరిహారం తీసుకున్నారు, కానీ ఆ వివరాలు బయటపెడితే నేరమని అదే చట్టంలో రాశారు. 2009లో ఇలాంటి సంస్థల్లో పిల్లలపై జరిగిన హింస మీద విచారణ జరిపిన కమిషన్‌ది వేల పేజీల ర్యాన్ నివేదిక వచ్చింది, అందులో లెటర్‌ఫ్రాక్ దారుణాలన్నీ ఉన్నాయి, చేసినవాళ్ల అసలు పేర్లు మాత్రం చాలావరకు లేవు, ఎందుకంటే పేర్లు బయటపెట్టొద్దని క్రిస్టియన్ బ్రదర్స్ అంతకుముందే కోర్టుకెళ్లారు. ఇలాంటి చోట బాధితుడు తన మాట తను చెప్పుకోవడానికి స్టేజి కాక ఇంకేం మిగిలింది?

పైగా స్టేజి మీద ఒక్కడే ఉంటే ఎంత చెప్పాలో, ఎక్కడ ఆపాలో అతని ఇష్టం. హింసించినవాడి గొంతు కూడా అతని నోటి నుంచే రావాలి. పోలీస్ స్టేషన్‌లో, క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ అధికారం అతనికి ఎవరిస్తారు?

ఏకపాత్రాభినయం మనకు కొత్త కాదు. దుర్యోధనుడి ఏకపాత్ర లేని స్కూలు వార్షికోత్సవం మన దగ్గర అరుదు, నాటక పరిషత్తుల్లో దానికి పోటీలు కూడా పెడతారు. అదే వేదిక మీద, చిన్నప్పుడు మతం ముసుగులో ఇలాంటివి భరించి ఇప్పుడు పెద్దవాళ్లయిన వాళ్లకి ఒక సాయంత్రం ఇవ్వమని మన పరిషత్తులనీ, రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలనీ కోరుతున్నాను. పిల్లల్ని మాత్రం ఎక్కించొద్దు, ఎవర్నీ బలవంతపెట్టొద్దు. తను ఆడలేనంటే రాసిచ్చినదాన్ని వేరే నటుడు ఆడొచ్చు, పేరు చెప్పక్కర్లేదు. చూసేవాళ్లలో కూడా అదే అనుభవించినవాళ్లు ఉంటారు కాబట్టి హాల్లో ఒక కౌన్సెలర్ ఉండి తీరాలి. పోక్సో కింద ఫిర్యాదుకి కాలపరిమితి లేదని 2018లో కేంద్రం చెప్పింది, ఆ సంగతి నాటకం అయ్యాక మైకులో చెప్తే చాలామందికి తెలుస్తుంది. 2012కి ముందు నలిగిపోయినవాళ్లకి ఆ చట్టం కూడా లేదు, వాళ్ల గురించే నా బాధంతా.

మీ పత్రికకి ఒక్క మనవి. అలాంటి నాటకం ఎప్పుడు పడినా క్రైమ్ పేజీలో వేయకండి. రంగస్థలం తెలిసిన విలేకరిని పంపించి, నాటకం ఎలా ఉందో రాయించండి.

ఇట్లు,
ఒక నాటకాభిమాని, తెనాలి