మా తమ్ముణ్ణి వెతికిన వాళ్లందరికీ

విమానంతో సహా ఎడారిలో తప్పిపోయిన తమ్ముడు ఇంటికొచ్చి ఇవాళ్టికి పదకొండు రోజులు. ఎడమ మణికట్టుకి కట్టు, నుదుటి మీద ఆరు కుట్లు. మిగతాదంతా బాగానే ఉంది. ఇది రాస్తుంటే పక్క గదిలోంచి "అక్కా, టీ" అని అరుస్తున్నాడు. నెల క్రితం అయితే నీ కాళ్లు పడిపోయాయా అనేదాన్ని. ఇప్పుడు లేచి పెట్టి ఇస్తున్నాను. ఈ భోగం ఇంకో వారమేనని వాడికి చెప్పే ఉంచాను.

వాణ్ణి వెతికినవాళ్లలో చాలామందికి తెలుగు రాదు. వాళ్లకి ఇంగ్లీషులో విడిగా ఉత్తరాలు రాశాను. ఇది మనవాళ్ల కోసం. ఆ రాత్రి ఫోన్లు చేసినవాళ్లు, మొక్కుకున్నవాళ్లు, అసలేమైందని ఇప్పటికీ అడుగుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఎవరెవరు ఏం చేశారో చెప్పకుండా "అందరికీ థాంక్స్" అని ఒక్క ముక్క పెట్టేసి ఊరుకోవడం నాకు మనసొప్పలేదు.

జనవరి చివరి శనివారం. తమ్ముడు ఇక్కడ అమెరికాలో, అరిజోనాలోని ఫీనిక్స్ దగ్గర పైలట్ ట్రైనింగ్‌లో ఉన్నాడు. ఆ రోజు వాడికి సోలో క్రాస్ కంట్రీ. అంటే పక్కన ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒక్కడే కనీసం 150 నాటికల్ మైళ్లు తిరిగి, మూడు చోట్ల దిగి రావాలి. ఫీనిక్స్ నుంచి బ్లైత్, అక్కణ్ణుంచి లేక్ హవాసు సిటీ, మళ్లీ ఫీనిక్స్. నాలుగు సీట్ల సెస్నా 172. మధ్యాహ్నం రెండుంబావుకి హవాసులో దిగి నాకో ఫోటో పంపాడు. గాల్లోంచి తీసిన లండన్ బ్రిడ్జి. నిజం లండన్ బ్రిడ్జే. 1968లో కొని, రాళ్లు ఊడదీసి తెచ్చి, 1971 నాటికి అక్కడ నిలబెట్టారు. కింద "అక్కా, లండన్ కూడా చూసేశా" అని రాశాడు. మీటింగ్‌లో ఉండి నేను చూసేసరికి మూడు దాటింది. విమానం నడుపుతూ ఫోటోలేంట్రా అని తిట్టాను. ఆ తిట్టు పక్కన ఒక్క టిక్కే పడింది. రాత్రంతా ఆ ఒక్క టిక్కునే చూస్తూ కూర్చున్నాను.

అందరికంటే ముందు వాడి ఇన్‌స్ట్రక్టర్‌కి దణ్ణం పెట్టాలి. పగటిపూట, వాతావరణం బాగున్నప్పుడు చిన్న విమానాలు ఫ్లైట్ ప్లాన్, అంటే ఏ దారిలో వెళ్లి ఎన్నింటికి దిగుతామో ముందే రాసిచ్చే కాగితం, ఇచ్చి తీరాలని ఇక్కడ రూలేం లేదు. ఈవిడ మాత్రం ప్లాన్ ఇవ్వనిదే తాళం చెవి చేతికివ్వదట. పిల్లలు వెనకాల హెడ్మాస్టరమ్మ అంటారు. ప్లాన్ ఇస్తే లాభం ఏంటంటే, చెప్పిన టైము దాటి అరగంటైనా దిగిపోయామని చెప్పి దాన్ని క్లోజ్ చేయకపోతే ఆ విమానం రాలేదని లెక్కేసుకుని దారిలో ఉన్న ఎయిర్‌పోర్టులకి ఫోన్లు మొదలుపెడతారు. ఎక్కడైనా దిగి కాఫీ తాగుతున్నాడేమో ముందు చూస్తారు. ఎక్కడా లేడంటే కబురు ఫ్లోరిడాలోని టిండాల్ ఎయిర్‌ఫోర్స్ బేస్‌లో ఉన్న రెస్క్యూ కోఆర్డినేషన్ సెంటర్‌కి చేరుతుంది. అక్కణ్ణుంచి సివిల్ ఎయిర్ పేట్రోల్‌కి, కౌంటీ షెరిఫ్‌కి, అంటే మన జిల్లా పోలీసు అధికారి లాంటాయనకి. వీడు నాలుగింటికి రావాలి. నాకు ఫోన్ వచ్చింది ఐదూ నలభైకి. అప్పటికే ఇంతమందీ కదిలారు.

మేం ఎయిర్‌పోర్టుకి చేరేసరికి చీకటి పడింది. అక్కడ నేను చేసిన తెలివితక్కువ పని, ఫోన్ తీసి ఎడారిలో తప్పిపోయిన విమానాల గురించి చదవడం. మొదటే స్టీవ్ ఫాసెట్ వచ్చాడు. బెలూన్‌లో ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా ప్రపంచం చుట్టొచ్చిన మనిషి. 2007 సెప్టెంబర్ 3న నెవాడాలో చిన్న విమానంలో షికారుకని బయల్దేరాడు. ఫ్లైట్ ప్లాన్ ఇవ్వలేదు. పదుల కొద్దీ విమానాలు వెతికాయి, వేలమంది ఇళ్లలో కూర్చుని శాటిలైట్ ఫోటోలు జల్లెడ పట్టారు. ఎప్పుడో కూలి ఎవరికీ తెలియకుండా పడి ఉన్న వేరే విమానాల శిథిలాలు బయటపడ్డాయి గానీ ఆయన జాడ తెలియలేదు. ఏడాది తర్వాత, కాలిఫోర్నియా కొండల్లో నడుస్తున్న ఒకాయనకి ఫాసెట్ ఐడీ కార్డులు దొరికితే అప్పుడు శిథిలాలు కనిపించాయి. అంతటివాడికే ఏడాది పడితే మావాడికి? మా ఆయన ఫోన్ లాక్కుని జేబులో పెట్టుకున్నాడు.

సివిల్ ఎయిర్ పేట్రోల్ అంటే నేను అప్పటిదాకా పోలీసులనుకున్నాను. కాదు. 1941 డిసెంబర్‌లో, పెర్ల్ హార్బర్‌కి వారం ముందు మొదలైన వాలంటీర్ల సంస్థ, ఎయిర్‌ఫోర్స్‌కి అనుబంధంగా పనిచేస్తుంది. విమానాలు 500 పైచిలుకు ఉన్నాయి, ఎక్కువగా సెస్నాలే. నడిపేవాళ్లు మాత్రం మామూలు మనుషులు. మా దగ్గరికి వచ్చి మ్యాప్ పరిచి చెప్పినాయన పగలు పళ్ల డాక్టరు. మ్యాపంతా గడులు గీసి ఉంది. అక్షాంశం 15 నిమిషాలు, రేఖాంశం 15 నిమిషాలు. అంటే ఒక్కో గడి ఇంచుమించు 28 కిలోమీటర్ల పొడవు, 23 కిలోమీటర్ల వెడల్పు. దాన్ని మళ్లీ నాలుగు ముక్కలు చేసి, 1,000 అడుగుల ఎత్తులో, దున్నినట్టు సాలు తర్వాత సాలు తిరుగుతారు. పైలట్ నడుపుతాడు, మిగతావాళ్లు కిటికీలకి కళ్లప్పగించి కూర్చుంటారు. "తెల్ల విమానం తేలిగ్గా కనపడుతుంది కదా" అన్నాను. ఎండలో తెల్లరాళ్లు, పాత రేకులు, వదిలేసిన కార్లు అన్నీ అలాగే మెరుస్తాయట. ఒక్కోసారి విమానం కంటే ముందు దాని నీడ కనిపిస్తుందట, అదీ పొద్దు వాలినప్పుడు.

ఇక్కడ నేను ఎప్పటికీ మర్చిపోలేని మనిషి ఒకావిడ ఉంది. మొహం చూడలేదు, గొంతు కూడా స్పీకర్‌లో ఒక్కసారే విన్నాను. సివిల్ ఎయిర్ పేట్రోల్‌లో రాడార్ రికార్డులు చూసే టీం ఒకటుంది. వాళ్లంతా ఎవరి ఊళ్లో వాళ్లుండి పనిచేస్తారు. తమ్ముడి రూమ్మేట్లు అప్పటికే యాప్‌లో వాడి విమానం దారి చూసి, ఆలమో లేక్ దాటాక చుక్క ఆగిపోయిందని, అక్కడికే కార్లేసుకుని వెళ్దామని సిద్ధమైపోయారు. షెరిఫ్ ఆఫీసు డెప్యూటీ గేటు దగ్గర నిలబడి, "మీరు వెళ్తే పొద్దున్నే మిమ్మల్ని కూడా వెతకాలి" అని ఆపేశాడు. అప్పుడు ఆయన మీద మంటెత్తింది. రాత్రి పదింటికి ఆ రాడార్ టీం నుంచి ఫోన్. యాప్‌లో చుక్క ఆగిన తర్వాత వేరే రాడార్ మీద ఇంకో నాలుగు చుక్కలు దొరికాయి. విమానం ముందుకు రాలేదు, దక్షిణానికి తిరిగింది. ఎత్తు తగ్గుతూ కొండ చాటుకి వెళ్లింది. అంటే వెతకాల్సింది యాప్ చూపించిన గడిలో కాదు, పక్క గడిలో. ఇంజిన్ ఆగినా సెస్నా 1,000 అడుగుల ఎత్తుకి మైలున్నర దాకా జారుతూ వెళ్లగలదని లెక్కేసి, ఆ నాలుగో చుక్క చుట్టూ పళ్ల డాక్టరు పెన్సిలుతో సున్నా చుట్టాడు. అరచేతి వెడల్పు ఉంది. ఆ సున్నాలోనే దొరికాడు మా తమ్ముడు. మా పిల్లలు కార్లేసుకుని వెళ్లుంటే కొండకి అవతలి వైపు తిరుగుతూ ఉండేవాళ్లు.

తణుకులో అమ్మానాన్నకి నెమ్మదిగా చెబుదామనుకున్నాను. నాకు ఆ అవకాశం లేకుండా చేశారు. ఎవరో ఒక వాట్సాప్ గ్రూపులో "మన గోదావరి జిల్లా కుర్రాడు విమాన ప్రమాదంలో మృతి" అని పెట్టారు. ఒక యూట్యూబ్ ఛానెల్ వాళ్లు వాడి ఫోటోకి దండ కూడా వేసేశారు. మాకింకా విమానం ఎక్కడుందో తెలియదు, వీళ్లకి దండ దొరికింది! అది చూసి నాన్నకి పరామర్శ ఫోన్లు మొదలయ్యాయి. ఆ పోస్టులు పెట్టినవాళ్లు ఇది చదివితే, దయచేసి ఇప్పటికైనా తీసేయండి. వాడు మొన్న చూసుకుని నవ్వాడు గానీ అమ్మ నవ్వలేదు.

నాన్న నాకు ఫోన్ చేసి ఏడవలేదు, ఏమీ అనలేదు. "రాత్రి అక్కడ చలి ఎంతుంటుందమ్మా?" అన్నాడు. నాలుగైదు డిగ్రీలన్నాను. "స్వెట్టరు తీసుకెళ్లాడా?" అన్నాడు. అమ్మకి మాత్రం 2009 గుర్తొచ్చింది. రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ పొద్దున బేగంపేటలో బయల్దేరి కనపడకుండా పోతే, మర్నాడు పొద్దున నల్లమలలో పావురాలగుట్ట మీద దొరికేదాకా మా ఇంట్లో టీవీ ఆపలేదు. ఆ రాత్రంతా అమ్మ "దొరుకుతార్లే, ఎక్కడో దిగే ఉంటారు" అంటూనే ఉంది. అందుకేనేమో ఈసారి ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. ద్వారకా తిరుమల మొక్కుకుని దేవుడి గదిలో కూర్చుంది. ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలిగించి, అమ్మకి బలవంతంగా పాలు తాగించిన ఎదురింటి పిన్నిగారికి, కొట్టు మూసేసి నాన్న పక్కనే కూర్చున్న ఎరువుల కొట్టు బాబాయికి ఏం చెప్పినా తక్కువే.

ఇక తమ్ముడి సంగతి. గాల్లో ఇంజిన్ దడదడలాడి బలం తగ్గిపోయింది. కొండల మధ్య ఎండిన వాగు కనిపిస్తే అందులో దింపాడు. ముందు చక్రం ఇసుకలో దిగబడి విరిగింది, రెక్క చివర చెట్టుకి కొట్టుకుంది. తల ప్యానెల్‌కి తగిలింది. రెక్కలోంచి పెట్రోలు కారుతున్న వాసన వస్తే, నిప్పురవ్వ లేస్తుందేమోనని మాస్టర్ స్విచ్ ఆపేసి దూరంగా వచ్చేశాడు. దాంతో రేడియో లేదు, లైట్లు లేవు. ఫోన్‌కి సిగ్నల్ లేదు. విమానం తోకలో ఈఎల్‌టీ అని ఒక పెట్టె ఉంటుంది, గట్టి దెబ్బ తగిలితే దానంతటదే సిగ్నల్ పంపుతుంది. అది మోగుతూనే ఉందని వీడి ధీమా. ఇసుక మెత్తగా పట్టుకోవడంతో అది మోగనే లేదు. రాత్రి పదకొండింటికి వాసన తగ్గాక, చలికి తట్టుకోలేక లోపలికి దూరి చూస్తే దాని చిన్న లైటు వెలగడం లేదు. అప్పుడు చేత్తో ఆన్ చేశాడు. అదీ పాత రకం, 121.5 మెగాహెర్ట్‌జ్. 2009 ఫిబ్రవరి నుంచి శాటిలైట్లు ఆ ఫ్రీక్వెన్సీ వినడం మానేశాయి. పాత విమానాల్లో ఇప్పటికీ అవే తిరుగుతున్నాయని మాకు తర్వాత తెలిసింది.

శాటిలైట్ వినకపోయినా మనుషులు విన్నారు. పైన వెళ్తున్న ఏదో ప్యాసింజర్ విమానం పైలట్, తన రెండో రేడియోలో ఆ కూత విని కంట్రోలర్‌కి చెప్పాడు. ఇరవై నిమిషాల తర్వాత ఇంకో విమానం కూడా. ఆ ఇద్దరూ ఎవరో మాకు తెలియదు, తెలిసే దారీ లేదు. వెనకాల రెండేసి వందల మంది నిద్రపోతూ ఉండి ఉంటారు. కూత విని "ఎవరో పొరపాటున ఆన్ చేసుంటారులే" అని వదిలేయొచ్చు. వదిలేయలేదు.

రెండున్నరకి సివిల్ ఎయిర్ పేట్రోల్ సెస్నా ముగ్గురితో లేచింది. కూత ఏ దిక్కు నుంచి వస్తోందో చూపించే పరికరం అందులో ఉంది. తమ్ముడు అప్పటికి సీటు కవర్లు కాళ్లకి చుట్టుకుని కూర్చున్నాడు. నేనిచ్చిన డబ్బాలో ఏడు జంతికలు మిగిలితే గంటకొకటి అని లెక్క పెట్టుకున్నాడట. కొండ అవతల ఆకాశం కాస్త తెల్లగా కనిపిస్తే రోడ్డుందేమో, నడుద్దామా అని రెండుసార్లు లేచాడు. "విమానాన్ని వదిలి వెళ్లకు" అని హెడ్మాస్టరమ్మ చెప్పిన మాట గుర్తొచ్చి మళ్లీ కూర్చున్నాడు. మూడుంబావుకి ఇంజిన్ చప్పుడు. ఫోన్‌లో తొమ్మిది శాతం ఛార్జింగ్. టార్చ్ వేసి, చేయి అడ్డం పెడుతూ తీస్తూ ఊపాడు. విమానం వాడి మీదుగా దాటి వెళ్లిపోయింది. "అక్కా, అప్పుడు మాత్రం ఏడ్చాను" అన్నాడు. తర్వాత అదే విమానం వెనక్కి తిరిగి, ల్యాండింగ్ లైటు రెండుసార్లు ఆర్పి వెలిగించింది.

ఆ ముగ్గురూ కింద దిగలేరు. జీపుల వాళ్లు వచ్చేదాకా, పెట్రోలు సరిపోయినంతసేపు, వాడి నెత్తిమీదే గుండ్రంగా తిరిగారు. వాడు ఒంటరిగా ఉండకూడదని. ఈ సంగతి వాళ్ల రిపోర్టులో ఒక్క లైను కూడా లేదు. తమ్ముడు చెబితేనే తెలిసింది.

షెరిఫ్ వాలంటీర్లు జీపులు వాగు దాకా తెచ్చి, చివరి రెండు మైళ్లు చీకట్లో ముళ్లపొదల మధ్య నడిచి ఆరూ పదికి వాడి దగ్గరికి చేరారు. తెల్లారాక హెలికాప్టర్ వచ్చి ఆస్పత్రికి తీసుకెళ్లింది. వెతికినందుకు ఎవ్వరూ ఒక్క డాలరు అడగలేదు. ఫీనిక్స్‌లో మన తెలుగువాళ్లు రాత్రి పన్నెండింటికి పులిహోర, ఫ్లాస్కుల్లో కాఫీ పట్టుకొచ్చారు. అక్కడున్న వాలంటీర్లందరూ తిన్నారు. పళ్ల డాక్టరు మూడుసార్లు పెట్టించుకున్నాడు.

విమానం వాళ్లు వాణ్ణి చూశారని మాకు తెలిసేసరికి తణుకులో సాయంత్రం నాలుగు దాటింది. "దొరికాడు నాన్నా" అంటే అటు నుంచి చాలాసేపు మాట రాలేదు. తర్వాత "స్వెట్టరు కొనిపెట్టు" అన్నాడు. స్వెట్టరు కొన్నాను. దాంతోపాటు శాటిలైట్లు వినే 406 మెగాహెర్ట్‌జ్ బీకన్ కూడా కొన్నాను, అరచేతిలో పట్టే పెట్టె. కట్టు విప్పాక మళ్లీ ఎగురుతానంటున్నాడు. ఆ గొడవ ఇంట్లో ఇంకా నడుస్తోంది, దాని గురించి నన్నేం అడక్కండి.

ఒక్క విషయంలో మీ సాయం కావాలి. వాగులో తమ్ముడికి జీపు వాలంటీర్ ఒకాయన తన జాకెట్ విప్పి తొడిగాడు. తెల్ల గడ్డం, కొంచెం కుంటుతూ నడిచాడట, పేరు చెప్పలేదు. షెరిఫ్ ఆఫీసులో అడిగితే ఆ రాత్రి చాలామంది వచ్చారన్నారు. గోధుమరంగు జాకెట్, కుడి మోచెయ్యి దగ్గర చేత్తో వేసిన మాసిక ఉంది. వికెన్‌బర్గ్, సలోమ్ వైపు ఉండేవాళ్లు ఎవరైనా ఆయన్ని గుర్తుపడితే నాకు చెప్పండి. నెత్తుటి మరకలు పోయేదాకా ఉతికి, ఇస్త్రీ చేసి ఉంచాను. జేబులో సగం వాడిన చూయింగ్ గమ్ ప్యాకెట్ ఉంది. అది అలాగే పెట్టాను.