మూడు నెలలేగా అంటారా?

సంపాదకులకు,

ఐర్లండ్ దర్శకుడు ఫ్రాంక్ బెర్రీ తీసిన ‘మైకేల్ ఇన్‌సైడ్’ (2017) చూశాక మా ఇంట్లో పెద్ద వాదనే జరిగింది. డబ్లిన్‌లో తాతయ్య దగ్గర పెరుగుతున్న 18 ఏళ్ల కుర్రాడు, స్నేహితుడి అన్నకి చెందిన డ్రగ్స్ సంచి దాచి దొరికిపోతాడు. శిక్ష మూడు నెలలు. ‘అంతేనా? దానికింత టెన్షనా?’ అన్నాడు మా తమ్ముడు. నత్తనడక సినిమా అట, జైలు నుంచి తప్పించుకునే సీనైనా లేదట!

నన్ను కదిలించింది మాత్రం తాతయ్య. కొడుకు అప్పటికే జైల్లో ఉన్నాడు, ఇప్పుడు మనవడు. పోయిన సరుకు డబ్బు కట్టమంటూ ముఠావాళ్లు ఆ ముసలాయన మీద పడతారు. కోర్టు వేసిన శిక్షలో ఈ లెక్క ఎక్కడుంది? జైలుకెళ్లొచ్చిన వాళ్లతో మాట్లాడి రాసుకున్న కథ కాబట్టే కుర్రాడి భయం అంత నిజంగా అనిపిస్తుంది. (ఆ యాసకి సబ్‌టైటిల్స్ లేకపోతే నాకు సగం అర్థమయ్యేది కాదు, అది వేరే సంగతి.)

2018లో ఐర్లండ్ ఫిల్మ్ అకాడమీ ఉత్తమ చిత్రం అవార్డు దీనికే వచ్చింది. మీ సినిమా పేజీలో ఇలాంటి వాటికీ కాస్త చోటివ్వండి. మా తమ్ముడు ఆ పేజీ ఒక్కటే చదువుతాడు.

– ఒక పాఠకురాలు, గుంటూరు