బొంత కుట్టే ముందు బట్ట సత్తువ చూడండి

సంపాదకులకు,

పాత చీరలు, చొక్కాలు, దుప్పట్లతో రంగురంగుల బొంతలు, గోడకు వేలాడదీసే అతుకుల చిత్రాలు చేయడం గురించి పత్రికల్లో తరచూ చదువుతున్నాం. సంతోషమే. కానీ ఆ వ్యాసాలు రంగుల పొందికతో మొదలై అక్కడే ఆగిపోతున్నాయి. నెలల తరబడి కుట్టింది మొదటి ఉతుకుకే ముడుచుకుపోయి, పక్క ముక్కకు ఎరుపు అంటుకుంటే ఎవరికైనా మళ్లీ సూది పట్టాలనిపించదు. కత్తెర వేయకముందే కాస్త పరీక్షిస్తే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది.

మొదట సత్తువ. బట్టను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అరిగిన చోటు పలచగా కనిపిస్తుంది. తర్వాత పడుగు (నిలువు పోగులు) వెంట ఒకసారి, పేక (అడ్డ పోగులు) వెంట ఒకసారి రెండు చేతులతో చటుక్కున లాగాలి. పోగులు చిట్లిన చప్పుడు వినిపిస్తే ఆ భాగం వద్దు. చొక్కాలో కాలరు, మోచేతులు ముందే అరిగిపోతాయి, వీపు ముక్క, జేబు కింది గుడ్డ గట్టిగా ఉంటాయి. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు ఆ మడత వెంటే చీలుతుంది.

బట్ట ఏ రకం పోగుతో నేసిందో తెలియకపోతే రెండు పోగులు తీసి, పక్కన నీళ్లు పెట్టుకుని కాల్చి చూడండి. పత్తి కాగితం కాలిన వాసన వేసి మెత్తని బూడిద అవుతుంది. పట్టు, ఉన్ని వెంట్రుకలు కాలిన వాసన వేస్తాయి. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. ఇస్త్రీ వేడి ఎంత ఉండాలో దీన్నిబట్టే తేలుతుంది.

రంగు దిగే బట్టల విషయంలో ఒక అపోహ బలంగా ఉంది, ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని. అద్దకం వేసేటప్పుడు పత్తికి రంగు పట్టించడానికి ఉప్పు ఉపయోగపడుతుంది గానీ, దిగిపోతున్న రంగును పట్టి ఉంచలేదు. ఒక్కో రంగును విడిగా గోరువెచ్చని సబ్బునీళ్లలో అరగంట నానబెట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించాలి. తడి తెల్లగుడ్డతో రుద్ది చూడాలి. ఎరుపు, నలుపు, నీలిమందు బట్టలను ఈ పరీక్ష లేకుండా అసలు నమ్మొద్దు. నీలిమందు పోగు పైపైన ఉండే రంగు కాబట్టి ఎంత ఉతికినా రుద్దితే కొంత అంటుతూనే ఉంటుంది, దాన్ని తెల్ల ముక్క పక్కన వేయకపోవడమే మేలు.

ముడతలకు ఎక్కువసార్లు కారణం వెనక వేసే కొత్త గుడ్డ. పాత బట్ట కుంచించుకుపోవడం ఎప్పుడో అయిపోయింది, కొత్త పత్తి గుడ్డ ఇంకా కుంచించుకుపోవాల్సి ఉంది. అందుకే దాన్ని వేడినీళ్లలో రెండుసార్లు ఉతికి, ఆరబెట్టి, అప్పుడే కత్తిరించాలి. ముక్కలను పోగు వెంటే కోయాలి, క్రాసుగా కోసిన అంచు సాగిపోతుంది. కుట్టు కోసం అంచున 6 మిల్లీమీటర్లు వదలడం మామూలే గానీ, వదులు నేత బట్టకు సెంటీమీటరు కావాలి, లేకుంటే పోగులు ఊడి అతుకు విడిపోతుంది.

పొరలు కలిపేటప్పుడు నడిమి నుంచి అంచులకు, 10 సెంటీమీటర్లకో వరుస చొప్పున కచ్చాకుట్టు (తర్వాత తీసేసే తాత్కాలిక కుట్టు) వేయాలి. అంచుల నుంచి మొదలుపెడితే వదులంతా మధ్యలో పోగై ముడత పడుతుంది. అసలు కుట్టుకు మూరెడు దారం చాలు, పొడవైతే గుడ్డలోంచి పదేపదే దూరి దారమే నలిగిపోతుంది. అంగుళానికి ఐదారు కుట్లు పడితే చక్కగా నిలుస్తుంది. పాత పత్తికి పత్తి దారమే వాడాలి. పాలిస్టర్ దారం పాత బట్టకన్నా గట్టిది, లాగుడు పడినప్పుడు దారం తెగకుండా బట్టే చిరగవచ్చు. తెగితే దారం తెగాలి, దాన్ని మళ్లీ కుట్టుకోవచ్చు.

రంగుల పొందికకు ముక్కలన్నీ పరచి, ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీసి చూడండి. అంతా ఒకే బూడిద రంగులో కనిపిస్తే ఎన్ని రంగులు పెట్టినా బొమ్మ తేలదు. ముదురు, లేత తేడా కావాలి. వెలిసిన ముక్కలు పారేయొద్దు, మెరిసే రంగుల పక్కన అవే కంటికి విశ్రాంతినిస్తాయి. తిరగేసి చూస్తే కొన్నిటి వెనకవైపు రంగు ఇంకా తాజాగా ఉంటుంది. కరక్కాయ, ఇనుపనీళ్లతో వేసిన నలుపు అందంగా ఉంటుంది గానీ, ఆ ఇనుము కాలం గడిచేకొద్దీ పోగును తినేస్తుంది, కాబట్టి బరువు పడే అంచుల్లో దాన్ని వాడకూడదు.

ఇలాంటి వ్యాసాలు వేసేటప్పుడు పూర్తయిన పని ఫొటోతో పాటు ఏ రకం బట్ట, ఏ దారం, ఎంత అంచు వదిలారు, ముందు ఎలా ఉతికారు అన్న నాలుగు వివరాలూ అచ్చువేయమని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు