మబ్బుల్లో చదువు కాదండీ, అద్దె సామాను లెక్క

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన నెల మీటింగులో తొమ్మిదో తరగతి పిల్లాడి అమ్మగారు ఒకావిడ లేచి, "మేస్టారూ, శనివారాలు పిల్లలకి క్లౌడ్ నేర్పుతారంట, ఇక్కడ మబ్బు పడితేనే కరెంటు పోతుంది కదండీ, ఇంక మబ్బుల్లో చదువేంటండీ" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వేశాను. ఇంటికెళ్లాక ఆలోచిస్తే ఆవిడ అడిగిందాంట్లో తప్పేమీ లేదు, సరైన జవాబు చెప్పనిది నేనే. అందుకని ఈసారి మన బడి పత్రికలో ఆటల పోటీల ఫొటోలు కాస్త తగ్గించి ఈ ఉత్తరం పెట్టాను, ఏమనుకోకండి.

ముందు ఆ పేరు సంగతి. మబ్బూ లేదు, ఆకాశమూ లేదు. మీరు ఫోన్‌లో తీసిన ఫొటో క్లౌడ్‌లోకి వెళ్లిందంటే, ఎక్కడో నేల మీద కట్టిన పెద్ద భవనంలో, రాత్రీ పగలూ ఏసీలు, జనరేటర్ల మధ్య నడిచే వేల కంప్యూటర్లలో కొన్నిటిలోకి వెళ్లిందన్నమాట. దాన్నే డేటా సెంటర్ అంటారు. మైక్రోసాఫ్ట్ 2015లోనే పుణె, చెన్నై, ముంబైలలో ఇవి తెరిచింది, అమెజాన్ 2016లో ముంబైలో, 2022లో మన హైదరాబాద్‌లో పెట్టింది. విశాఖలో ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించిన వార్త మీరూ పేపర్లో చూసే ఉంటారు, అది కూడా ఇలాంటి దాని గురించే.

మరి దాంతో జనానికి పనేంటి? మన దగ్గర పెళ్లంటే ఐదొందల కుర్చీలు, షామియానా, గుండిగలు కావాలి. ఎవరైనా కొనుక్కుంటారా? సప్లయర్స్‌కి ఫోన్ చేస్తాం, రెండ్రోజులకి అద్దె కడతాం, జనం పెరిగితే ఇంకో వంద కుర్చీలు తెప్పిస్తాం, పెళ్లయ్యాక వాళ్లే వచ్చి పట్టుకుపోతారు. కంప్యూటర్లని కూడా అలా అద్దెకివ్వడమే క్లౌడ్. అమెజాన్ 2006 మార్చిలో ఫైళ్లు దాచుకునే చోటుని, ఆగస్టులో ఏకంగా కంప్యూటర్లనే గంటల లెక్కన అద్దెకివ్వడం మొదలుపెట్టాక ఈ వ్యాపారం ఊపందుకుంది. పదో తరగతి రిజల్ట్స్ వచ్చే రోజున లక్షల మంది ఒకేసారి ఒక్క వెబ్‌సైటు మీద పడతారు, మర్నాటికి దాని మొహం చూసేవాళ్లుండరు. ఆ ఒక్కరోజు కోసం వంద సర్వర్లు కొని ఏడాదంతా మూలన పెట్టుకోవాలా, అద్దెకి తెచ్చుకోవాలా?

ఇందులో మూడు రకాలున్నాయి, పిల్లలు ఇంటికొచ్చి ఐయాస్, పాస్, సాస్ అని ఏదో గొణుగుతుంటే కంగారుపడకండి. ఒట్టి గుండిగలు, పొయ్యిలు అద్దెకి తెచ్చుకుని వంట మనమే చేసుకోవడం మొదటిది, అంటే ఒట్టి కంప్యూటర్లు తెచ్చుకోవడం. వంటశాలా, మంటా, గిన్నెలు తోమడం అంతా వాళ్లే చూసుకుంటే మన వంటకం మనం వండుకుని వచ్చేయడం రెండోది, అంటే మన ప్రోగ్రామ్ ఒక్కటే మనం రాసుకోవడం. మూడోది ఫుల్ క్యాటరింగ్, మనం కూర్చుని తినడమే, అంటే తయారైన ప్రోగ్రామ్‌ని వాడుకోవడమే. జీమెయిల్ మూడో రకం. మీరందరూ ఏళ్ల తరబడి క్లౌడ్ వాడుతూనే ఉన్నారు, పేరు తెలియదంతే.

ఇప్పుడు మా ఆఫీసు గది సంగతి చెప్పాలి. 2022 జూలై వరదల్లో కింది గదిలోకి నీళ్లొచ్చాయి. రికార్డు పుస్తకాలు అటక మీదికెక్కించాం, బియ్యం బస్తాలు ఎక్కించాం, కంప్యూటర్ డబ్బా మాత్రం టేబుల్ కిందే ఉండిపోయింది. పదకొండేళ్ల పిల్లల వివరాలు, ప్రశ్నపత్రాలు, వార్షికోత్సవాల ఫొటోలు అన్నీ అందులోనే. బ్యాకప్ ఎక్కడుందని అడిగితే మా క్లర్కుగారు చూపించిన పెన్‌డ్రైవ్ కూడా అదే టేబుల్ సొరుగులో, అదే బురదలో ఉంది. తప్పు నాదే, వరద సంగతి తెలిసిన ఊళ్లో ఉండి విత్తనాలన్నీ ఒక్క గాదెలోనే పోశాను. క్లౌడ్ కంపెనీలు మామూలుగా మన ఫైలుకి నకళ్లు తీసి వేర్వేరు చోట్ల పెడతాయి, అమెజాన్ వాళ్ల మామూలు స్టోరేజ్‌లో అయితే కనీసం మూడు చోట్ల. ఒక చోట మునిగినా మిగతావి ఉంటాయి.

అలాగని గుడ్డిగా నమ్మేయమనడం లేదు. వేసవి సెలవుల్లో నేను కూడా నేర్చుకుందామని ఒక కంపెనీ దగ్గర ఖాతా తెరిచి, కార్డు నంబరిచ్చి, ప్రాక్టీసుకి ఒక వర్చువల్ మెషీన్, అంటే వాళ్ల దగ్గరి అద్దె కంప్యూటర్ ఒకటి, ఆన్ చేసి, మామిడికాయల హడావుడిలో పడి మర్చిపోయాను. నెలాఖరుకి రెండు వేల చిల్లర బిల్లొచ్చింది. ఇంట్లో ఏమన్నారో ఇక్కడ రాయను. అందుకే మా మొదటి పాఠం ఆన్ చేయడం కాదు, ఆపేయడం. రెండోది, ఖర్చు ఇంత దాటితే మెయిల్ పంపు అని ముందే బడ్జెట్ అలర్ట్ పెట్టుకోవడం. అలర్ట్ చెబుతుందంతే, చేలో మోటారులాగే ఆ మెషీన్ దానంతటదే ఆగదు, మనమే వెళ్లి కట్టేయాలి.

ఇంకోటి, ఎవరి పని ఎవరిది అన్న లెక్క. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచీ మనకి తెలిసిన లెక్కే ఇది. కాలువ గట్టు తెగితే ఇరిగేషన్ వాళ్లు చూడాలి, మన చేలో బోదె పూడిపోతే మనం చూసుకోవాలి. క్లౌడ్‌లో కూడా భవనం, కరెంటు, కంప్యూటర్లు కంపెనీ పూచీ, పాస్‌వర్డ్ మన పూచీ. పుట్టినరోజు తారీఖే పాస్‌వర్డ్‌గా పెట్టుకుని, ఓటీపీ అడిగినవాడికల్లా చెప్పేస్తే ఏ కంపెనీ కాపాడలేదు. కాబట్టి ఈ వారంలోనే మీ గూగుల్ ఖాతాకి టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే పాస్‌వర్డ్ కొట్టాక మీరేనా అని ఇంకోసారి అడిగే ఏర్పాటు, పెట్టుకోండి. రాకపోతే పిల్లల్ని అడగండి, వాళ్లకి నేర్పేశాం.

స్టోరేజ్ నిండిపోయిందని చాలామంది ఫోన్లు మా సార్ల దగ్గరికి తెస్తున్నారు. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అది జీమెయిల్‌కి, డ్రైవ్‌కి, ఫొటోలకి కలిపి. గుడ్‌మార్నింగ్ బొమ్మలన్నీ అందులోకే వెళుతున్నాయి. ఖాళీ చేసేటప్పుడు మాత్రం జాగ్రత్తండీ. గూగుల్ ఫొటోస్‌లో డిలీట్ కొట్టి "క్లౌడ్‌లో ఉంటుందిలే" అనుకుంటున్నారు, అక్కడ కొడితే క్లౌడ్‌లో కూడా పోతుంది. బ్యాకప్ అయిన ఫొటో 60 రోజులు ట్రాష్‌లో ఉంటుంది, ఈలోగా తెచ్చుకోవాలి. పెళ్లి ఫొటోల్లాంటివి విడిగా ఇంకోచోట కూడా దాచండి.

క్లౌడ్ కోర్సు చేస్తే లక్షల ప్యాకేజీ అని తొమ్మిదో తరగతి పిల్లలకి కూడా కరపత్రాలు పంచుతున్నారు. దయచేసి డబ్బు కట్టకండి. ఈ వయసులో కావలసిన మొదటి పాఠాలు మైక్రోసాఫ్ట్ లెర్న్ అనే వెబ్‌సైటులో ఉచితంగానే ఉన్నాయి. అమెజాన్ వాళ్ల ఏడబ్ల్యూఎస్ ఎడ్యుకేట్‌లో 13 ఏళ్లు నిండినవాళ్లు కార్డు లేకుండానే చేరొచ్చు. కార్డు నంబరు అడిగే ఏ ఖాతా అయినా బడిలో తెరిపించం, ఇంట్లో మీరూ ఇవ్వకండి.

క్లాసులు ఎనిమిది, తొమ్మిది తరగతులకే, శనివారం ఆఖరి రెండు పీరియడ్లు. పదో తరగతి వాళ్లకి లేదు, వాళ్ల టెన్షన్ వాళ్లకి చాలు.

మొన్న ఎనిమిదో తరగతి పాప అడిగింది, మన ఊళ్లో కరెంటు పోతే మన ఫైళ్లు కూడా పోతాయా సార్ అని. నేను నోరు తెరిచేలోపే వెనక బెంచీ నుంచి లంకలోంచి రోజూ రేవు దాటి వచ్చే కుర్రాడు, "పంటు ఆగిపోతే అవతలి ఒడ్డున మా ఊరు మాయమైపోద్దా?" అన్నాడు. ఆ పాఠం అక్కడితో అయిపోయింది.

వచ్చే శనివారం సాయంత్రం నాలుగింటికి మీకోసమే ఒక గంట పెట్టాం. ఫోన్, ఛార్జర్ తెచ్చుకోండి, తాతగార్లూ మామ్మగార్లూ కూడా రావచ్చు. మన దగ్గర అరవై కుర్చీలే ఉన్నాయి, ఎంతమంది వస్తున్నారో గురువారంలోగా డైరీలో రాసి పంపితే మిగతావి సప్లయర్స్ దగ్గర తెప్పిస్తాం.

ఇట్లు
మీ ప్రధానోపాధ్యాయుడు