ఆర్‌ఓ వేస్ట్ నీళ్ళు పామ్ మొక్కకి వద్దు

ఎడిటర్ గారికి నమస్కారం,

నీళ్ళ పొదుపు మీద మీ పేపర్లో వరసగా వేస్తున్నారు, చాలా సంతోషం. అందులో ఆర్‌ఓ ఫిల్టర్ నుంచి బయటికి పోయే నీళ్ళు మొక్కలకి పోసుకోండి అని ఒక మాట రాశారు, దాని గురించే ఈ ఉత్తరం. ఇల్లు తుడవడానికి, బాత్రూం కడగడానికి ఆ నీళ్ళు భేషుగ్గా పనికొస్తాయి, నేనూ వాడతా. కానీ హాల్లో కుండీలో పెట్టుకునే అరెకా పామ్‌కి మాత్రం అవి పడవండి.

మాది కూకట్‌పల్లి వైపు అపార్ట్‌మెంట్, బోరు నీళ్ళు. ఇక్కడ చాలా ఇళ్ళలో చూస్తున్నా, కడియం నర్సరీ నుంచి వచ్చిన పామ్ కొన్నప్పుడు నిగనిగలాడుతుంది, కొన్ని నెలలకి ఆకు కొనలు ఎండి బ్రౌన్‌గా అయిపోతాయి, నీళ్ళు చాలట్లేదేమో అని ఇంకో చెంబు పోస్తారు, అవీ ఆర్‌ఓ వేస్ట్ నీళ్ళే. మా ఎదురింటి ఆంటీ వాళ్ళ కుండీలో మట్టి మీద తెల్లగా పెచ్చు కట్టింది, గోటితో గీకితే పొడిపొడిగా రాలింది. ఫిల్టర్ మనకి మంచినీళ్ళు తీసిచ్చి లవణాల్లో చాలాభాగం వేస్ట్ నీళ్ళు పోయే రెండో పైపులోకి నెట్టేస్తుంది కదా, అంటే ఆ నీళ్ళు మామూలు బోరు నీళ్ళకన్నా ఉప్పన. నేలలో మొక్కకైతే వానొచ్చి కడిగేస్తుంది, హాల్లో కుండీకి వాన ఎక్కడిది? వేరు పీల్చిన ఉప్పు ఆకు చివరిదాకా పోయి, నీళ్ళు ఆవిరయ్యాక అక్కడే ఉండిపోతుంది, అందుకే ముందు కొనలే మాడతాయి.

ఇలాంటి మొక్కని పారెయ్యక్కర్లేదండి. పైన ఆ తెల్ల మట్టి ఒక అంగుళం గీకి తీసేసి, మున్సిపల్ నల్లా నీళ్ళో వాన నీళ్ళో ఆగి ఆగి పొయ్యాలి, కుండీ పట్టే నీళ్ళకి మూడు నాలుగింతలు, అడుగు బొక్కల్లోంచి ధారగా కారిపోవాలి. కింద ప్లేట్లో నిలిచినవి వెంటనే పారబోయాలి, లేదంటే ఆ ఉప్పే మళ్ళీ పైకి లాక్కుంటుంది. ఆ తర్వాత పై మట్టి రెండంగుళాలు ఆరాకే నీళ్ళు. కొత్త ఆకు వచ్చేదాకా ఎరువు వద్దే వద్దు, అదీ ఉప్పే.

ఎండిన కొన మళ్ళీ పచ్చబడదు. కత్తిరించాలంటే సన్నటి ఎండు అంచు వదిలి కత్తిరించండి, పచ్చ భాగం కోస్తే అక్కణ్ణుంచి మళ్ళీ ఎండుతుంది. సగం పచ్చగా ఉన్న పాత మట్టలు కూడా కొట్టెయ్యకండి, వాటిల్లోని పొటాష్‌నే మొక్క కొత్త ఆకులకి పంపుకుంటుంది. ఇక మొవ్వు, అంటే నడిమి లేత చిగురు, దాని జోలికి అస్సలు వెళ్ళొద్దు, మొవ్వు పోతే ఆ కాండం పోయినట్టేనని కొబ్బరి చెట్టున్న వాళ్ళకి చెప్పక్కర్లేదు.

అన్నిటికీ ఉప్పే కారణమనట్లేదు. ఏసీ గాలి సూటిగా తగిలినా, పడమటి ఎండ మీద పడినా ఆకులు మాడతాయి, ఆకు అడుగున సన్నటి సాలెపట్టు, పైన పసుపు చుక్కలు కనిపిస్తే అది ఆకు రసం పీల్చే నల్లి, తడిగుడ్డతో రెండువైపులా తుడిచి వేపనూనె కొట్టాలి. కానీ మట్టి మీద తెల్ల పెచ్చు ఉంటే ముందు నీళ్ళు మార్చి చూడండి.

ఆంటీ వాళ్ళ కుండీని పోయిన వానాకాలం బాల్కనీలో వాన తగిలేచోట పెట్టించాను, ఆ తర్వాత విచ్చుకున్న ఆకులు కొనదాకా పచ్చగానే ఉన్నాయి. వేసవిలో ఆవిడ ఏసీ నుంచి కారే నీళ్ళు బకెట్‌లో పట్టి పోస్తున్నారు, వాటిల్లో ఉప్పు దాదాపు ఉండదు.

ఈసారి ఆర్‌ఓ వేస్ట్ నీళ్ళ గురించి వేసినప్పుడు, ఇంట్లో కుండీలకి తప్ప అని ఒక్క ముక్క కలపండి సార్.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కూకట్‌పల్లి, హైదరాబాద్