తార కుదురుకుంది, మీ అందరి పుణ్యమా అని

ధర్మసాగర్ పక్కన మా మామిడితోటకు వచ్చిన గుర్రం ఎట్లుంది, కుదిరిందా లేదా అని ఫోన్లు చేస్తున్న అందరికీ ఒకేసారి జవాబు చెప్తున్న. కుదిరింది. మేత మిగలకుండా తింటున్నది, మధ్యాహ్నం ఎండకు షెడ్డులో పక్కకు ఒరిగి పండుకుంటున్నది. గుర్రం నిలబడే కునుకు తీయగలదు గానీ గాఢనిద్ర పట్టాలంటే పండుకోవాల్సిందే. భయం ఉన్న చోట అది పండుకోదు. అందుకే తార మొదటిసారి కాళ్లు చాపి పండుకున్నప్పుడు, ఏమైందోనని మా ఆయన ఉరికొస్తే, గుర్రాలను చూసుకునే సాయిసు తాత నవ్వుకుంటూ ఆయన్ని గేటు దగ్గరే ఆపిండు.

తెలియనివాళ్లకు రెండు ముక్కలు. తార మలక్‌పేట రేసుల్లో పరుగెత్తి మానేసిన ఆడగుర్రం. రేసు గుర్రాలు రెండేళ్ల వయసు నుంచే పరుగు మొదలుపెడతాయి, చాలావాటికి ఆ పని తొందరగానే అయిపోతుంది. గుర్రం ఆయుష్షేమో 25 నుంచి 30 ఏళ్లు. మిగిలిన బతుకంతా ఎక్కడ గడపాలి? మా బిడ్డకు గుర్రపు స్వారీ అంటే ప్రాణం కాబట్టి ఒకదానికి మా దగ్గర చోటు దొరికింది.

మొదటి దండం సాయిసు తాతకు. పరకాల దిక్కు మనిషి, మలక్‌పేట లాయాల్లో గుర్రాలు చూసుకుంటూ ముసలోడైండు. అడగ్గానే వచ్చి షెడ్డు పక్కనే మంచం వేసుకున్నడు. మా బిడ్డ కొత్త జీను చేతిలో పట్టుకొని నిలబడితే, "అది లోపల పెట్టు బిడ్డా. ముందు దాన్ని చూడనియ్యి" అన్నడు. అన్నట్టే తలతాడు పట్టుకొని తోటంతా నడిపించిండు. కంచె ఎక్కడుంది, తొట్టి ఎక్కడుంది, మోటరు ఎక్కడ మోగుతుంది, అన్నీ దానికి చూపించిండు. రోజూ అదే వేళకు మేత, అదే దారిన నడక. దాణా సంగతిలోనైతే తాత ఎవరి మాటా విననేలేదు. పాత చోట తిన్న ఓట్స్ గింజల బస్తాలు వెంట తెప్పించి, వారం పది రోజుల పాటు కొద్దికొద్దిగా తగ్గిస్తూ, నానబెట్టిన ఉలవలు కొద్దికొద్దిగా పెంచుకుంటూ వచ్చిండు. గుర్రానికి వాంతి చేసుకునే వీలు లేదు, మేత ఒక్కసారిగా మారిస్తే కడుపునొప్పితో ప్రాణం మీదికొస్తుంది. దాని కడుపులో ఆమ్లం రాత్రీ పగలూ ఊరుతూనే ఉంటుంది కాబట్టి ఎండుగడ్డి ఎప్పుడూ ముందర ఉండాలె. ఇంత చేసిన మనిషికి పైసలిస్తే తిట్టిండు. సాయంత్రం పూట ఇంత ఈతకల్లు తప్ప మా దగ్గర ఏమీ తీసుకోలేదు.

మామునూరు వెటర్నరీ కాలేజీలో చదివిన డాక్టరమ్మకు రెండో దండం. దవడ కింద వేలుపెట్టి నాడి చూడటం మా బిడ్డకు నేర్పింది. నిమ్మళంగా ఉన్నప్పుడు నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకోవాలట. డొక్కకు చెవి ఆనిస్తే పేగుల గుడగుడ వినపడాలి, చప్పుడు లేకపోతేనే భయపడాలి. కోళ్ల దాణా బస్తాలు గుర్రానికి అందేంత దూరంలో ఉండొద్దని చుట్టుపక్కల ఫారాల వాళ్లకు ఆమే స్వయంగా చెప్పి వచ్చింది. అందులో కలిపే మోనెన్సిన్ కోడికి మందే గానీ గుర్రం గుండెను దెబ్బతీసే విషం. మేము బర్లకు పెంచే సూపర్ నేపియర్‌ను కూడా ఒంటిగా పెట్టనియ్యలేదు. ఆ గడ్డిలోని ఆగ్జలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనియ్యవు కాబట్టి కాల్షియం ఎక్కువుండే లూసర్న్ మేత కలిపి పెట్టమన్నది. ఇవన్నీ గుర్రాలున్న ప్రతి ఇంట్లో తెలియాల్సిన సంగతులు, అందుకే ఇంత వివరంగా రాస్తున్న.

ఊక ఇచ్చిన రైస్ మిల్లు వాళ్లకు థాంక్స్. దుమ్ము లేవకుండా నీళ్లు చిలకరించి షెడ్డులో పరుస్తున్నం.

ఇగ మేక సంగతి. గుర్రం మందలో బతికే జీవి. ఒంటరిగా కట్టేస్తే గోడ పొంటి అటూ ఇటూ తిరిగి, సకిలించి సకిలించి మేత కూడా ముట్టదు. మా గొల్ల మామ అది చూసి, మారు మాట్లాడకుండా తన మందలోంచి ఒక మేకను తెచ్చి వదిలిండు. రాత్రికల్లా సకిలింత ఆగింది. మామా, నీకు ఎన్నిసార్లు దండం పెట్టినా తక్కువే, కానీ మేకను మాత్రం వాపసు ఇయ్యలేం. ధర నువ్వే చెప్పు.

వినాయక చవితి మండపం పిల్లలకు కూడా చెప్పాలి. ఎవరూ అడగకముందే స్పీకర్లు రోడ్డు దిక్కు తిప్పి, తోట దాటేదాకా డీజే బంద్ పెట్టి నిమజ్జనానికి పోయిన్రు. మన దగ్గర ఇది చిన్న త్యాగం కాదు!

స్వారీ ఇప్పుడిప్పుడే మొదలైంది. ఇక్కడ మళ్లీ తాతే గురువు. రేసులో జాకీ కళ్లెం బిగపడితే గుర్రం దాని మీద బరువేసి ఇంకా జోరుగా పోతుంది, అట్లనే అలవాటు పడి ఉంటుంది. కాబట్టి ఆపాలని గుంజితే ఆగదు. కూర్చున్న చోట ఒళ్లు బరువు చేసి, నోటితో చెప్పి, అది ఒక్క అడుగు నెమ్మదించగానే కళ్లెం వదులు చేయాలె. ఆ వదలడమే దానికి బహుమానం. ఎక్కేటప్పుడు కదలకుండా నిలబడటం కూడా తారకు కొత్తే, రేసులో నడుస్తుండగానే జాకీని ఎక్కించేస్తారు. పొట్టి రికాబుల్లో (జీనుకు వేలాడే, పాదాలు పెట్టే కడియాల్లో) మోకాళ్లు మడిచి కూర్చునే జాకీలకు అలవాటు పడ్డ గుర్రం, కిందికి వేలాడే కాళ్లు డొక్కకు తగిలితే ఉలిక్కిపడుతుంది. మా బిడ్డ అయితే చాలా రోజులు ఎత్తుపీట మీద నిలబడి దాని వీపు మీద ఊరికే చెయ్యేసి దిగిపోయింది. పొడుగు తాడు మీద గుండ్రంగా తిప్పినప్పుడు కుడికి సులువుగానే తిరుగుతున్నది, ఎడమకు ఇంకా మొరాయిస్తున్నది. తొందరేం లేదు.

చివరికి మా నాల్‌బందు అన్న. వరంగల్‌లో బరాత్ గుర్రాలకు నాడాలు కొట్టే మనిషి. రేసు కోసం వేసిన పల్చటి అల్యూమినియం నాడాలు ఊడదీసి, వానకాలం తడికి వాసన పట్టిన గిట్టలను శుభ్రం చేసి, రోజూ కొక్కెంతో మట్టి ఎట్ల తీయాలో చూపించిండు. ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి గిట్టలు చెక్కించాలె కాబట్టి వచ్చే ఆదివారం పొద్దున మళ్లీ తోటకు వస్తున్నడు. హన్మకొండ, కాజీపేట, హసన్‌పర్తి దిక్కు గుర్రాలున్నోళ్లు ఎవరైనా తోలుకొని రండి, అందరివీ ఒకే రోజు చూసిపోతానన్నడు. నీడ, నీళ్లు, చాయ్ మావి. గేటు దగ్గర హారన్ మాత్రం కొట్టకండి.